పిల్లల గడ్డ తీసేశాక ఏఎఫ్‌పీ రిపోర్టులు ఎలా చదువుకోవాలి

మా బాబుకి పద్నాలుగో నెలలో, స్నానం చేయిస్తూ వృషణంలో గడ్డని మా అత్తగారు కనిపెట్టారు. "ఒక పక్క రాయిలా గట్టిగా ఉందే, నొక్కినా ఏడవట్లేదు" అన్నారు. ముందు చూసిన డాక్టర్ నీరు దిగిందన్నారు, హైడ్రోసిల్ అని. నెల రోజుల తర్వాత ఇంకో డాక్టర్ స్కాన్ రాసి, దాంతోపాటు ఏఎఫ్‌పీ (ఆల్ఫా ఫీటోప్రొటీన్) అనే రక్తపరీక్ష కూడా రాశారు. రిపోర్టులో 3,200 అని ఉంది. పక్కనే నార్మల్ 10 లోపు అని. బ్యాంకులో పనిచేస్తాను, రోజంతా అంకెలతోనే బతుకు. అయినా ఆ రెండు అంకెలు పక్కపక్కన చూసి కాళ్లు చల్లబడ్డాయి.

పిల్లల జెర్మ్ సెల్ ట్యూమర్‌కి ఆపరేషన్ అయ్యాక ఇంటికొచ్చిన అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మందు, కీమో, స్కాన్ ఎప్పుడన్నది మీ పిల్లల క్యాన్సర్ డాక్టర్ నిర్ణయమే. కానీ రిపోర్ట్ వాట్సాప్‌లో రాత్రి పదకొండింటికి వస్తుంది, ఓపీ మాత్రం సోమవారం ఉంటుంది. ఆ మధ్య రెండు రోజులు ఆ కాగితాన్ని ఎలా చదువుకోవాలో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. నాకు అర్థమైంది ఒకటే: ఒక్క అంకె ఏమీ చెప్పదు. అంకెలు దిగే తీరే అంతా చెబుతుంది.

మొదట: మీ బిడ్డకు ఏ మార్కర్ పనికొస్తుందో తెలుసుకోండి

జెర్మ్ సెల్స్ అంటే పెద్దయ్యాక అండంగానో వీర్యకణంగానో మారాల్సిన తొలి కణాలు. పిండం తయారయ్యేటప్పుడు అవి శరీరం నడిమి గీత వెంట ప్రయాణం చేసి అండాశయం, వృషణం చేరతాయి. అందుకే ఈ గడ్డలు ఆ రెండు చోట్లే కాకుండా వెన్ను చివర తోక ఎముక దగ్గర, కడుపు వెనక, ఛాతీ మధ్యలో, మెదడులో కూడా వస్తాయి. మెదడులో వచ్చేవాటి కథ వేరు. వాటికి వెన్నునీరు కూడా పరీక్షిస్తారు, వైద్యం వేరు. ఇక్కడ రాసేది మిగతావాటి గురించి.

మార్కర్ అంటే గడ్డ రక్తంలోకి వదిలే, పరీక్షలో కొలవగలిగే పదార్థం. బయాప్సీ రిపోర్ట్ తీసి గడ్డ పేరు చూడండి. యోక్ శాక్ ట్యూమర్ అని ఉంటే మీ మార్కర్ ఏఎఫ్‌పీ. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు పెద్దవాళ్ల రక్తంలోని అల్బుమిన్‌లా పనిచేసే ప్రొటీన్ ఇది. పిండం పచ్చసొన సంచి, లివర్ దీన్ని తయారుచేస్తాయి. ఆ సంచి కణాలను పోలిన గడ్డ కాబట్టి అదే ప్రొటీన్ మళ్లీ తయారుచేస్తుంది. కోరియోకార్సినోమా అని ఉంటే బీటా హెచ్‌సీజీ, అంటే గర్భం వచ్చిందో లేదో చూసే పరీక్షలో కనబడే హార్మోనే. డిస్‌జెర్మినోమాలో ఎక్కువగా ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ పెరుగుతుంది, కొందరిలో హెచ్‌సీజీ కూడా కొద్దిగా పెరుగుతుంది. మెచ్యూర్ టెరటోమా అయితే సాధారణంగా ఏ మార్కరూ పెరగదు. రెండు మూడు రకాలు కలిసిన గడ్డ అయితే రెండు మార్కర్లూ చూడాల్సి రావచ్చు.

ఎల్‌డీహెచ్ గురించి ఒక మాట. దాన్ని ఒంటరిగా నమ్మొద్దు. పిల్లాడు గింజుకుంటుంటే రెండు మూడుసార్లు పొడిచి, సిరంజితో గట్టిగా లాగి తీసిన రక్తంలో ఎర్రకణాలు చితికిపోతాయి. వాటిలో ఉన్న ఎల్‌డీహెచ్ బయటికొచ్చి అంకె పెరుగుతుంది. రిపోర్ట్ కింద చిన్న అక్షరాల్లో "హీమోలైజ్డ్ శాంపిల్" అని ఉందేమో చూడండి. ఉంటే ఆ ఎల్‌డీహెచ్‌ని పక్కన పెట్టి మళ్లీ చేయించమని అడగండి.

ఆపరేషన్ ఇంకా కాకపోతే ఈ రెండు పనులు

ఆపరేషన్‌కి ముందే మార్కర్లకు రక్తం తీయించండి. ఎక్కడ మొదలైందో తెలియకపోతే ఎంత దిగిందో చెప్పలేం. హడావుడిలో మర్చిపోతే, ఆపరేషన్‌కి ముందు వేరే పరీక్షలకు తీసిన రక్తం ల్యాబ్‌లో ఇంకా మిగిలి ఉందేమో వెంటనే అడగండి. కొన్ని ల్యాబులు సీరమ్‌ను కొన్ని రోజులు దాచి ఉంచుతాయి. అదీ లేకపోతే ఆపరేషన్ మర్నాడే తీయించినా ఏఎఫ్‌పీ విషయంలో పెద్దగా నష్టం ఉండదు, అది నెమ్మదిగానే దిగుతుంది.

రెండోది, సర్జన్‌ని అడగాల్సిన ప్రశ్న. వృషణంలో గడ్డయితే, "గజ్జల దగ్గర నుంచి తీస్తారా?" అని అడగండి. వృషణాల సంచి మీద కోత పెట్టడం, సూది గుచ్చి చూడడం ఈ జబ్బులో మంచిది కాదు. కణాలు అక్కడ చిందితే స్టేజ్, అంటే జబ్బు ఎంత పాకిందన్న లెక్క, మారిపోతుంది. అండాశయంలో అయితే గడ్డను పగలకుండా తీయడం, కడుపులోని ద్రవాన్ని పరీక్షకు పంపడం ముఖ్యం. తోక ఎముక దగ్గరైతే "కాక్సిక్స్ కూడా తీస్తారు కదా?" అని అడగండి. గడ్డ తీసి ఆ చిన్న ఎముకను వదిలేస్తే మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువని 1950ల నుంచే సర్జన్లకు తెలుసు. ఇలా అడగడం మర్యాద కాదేమో అని నేను మొహమాటపడ్డాను. మా సర్జన్ నవ్వి, కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మంచి డాక్టర్ ఎవరూ కోప్పడరు.

ఇక నోట్‌బుక్

ఒక రూళ్ల నోట్‌బుక్ కొనండి. ఫోన్‌లో రాసుకున్నా సరే, కానీ ఓపీలో డాక్టర్ ముందు తెరిచి పెట్టడానికి పుస్తకమే హాయి. గీతలు గీసి ఇన్ని గడులు చేసుకోండి: తేదీ, ఆపరేషన్ అయి ఎన్ని రోజులు, ల్యాబ్ పేరు, యూనిట్, ఉండాల్సిన అంకె, వచ్చిన అంకె. ఆఖరి గడి కొంచెం వెడల్పుగా, "ఆ వారం ఏం జరిగింది" అని. జ్వరం, విరేచనాలు, కామెర్లు, కొత్త సిరప్, కీమో తేదీ, అన్నీ అందులో పడాలి. నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది ఆ ఆఖరి గడే.

"ఉండాల్సిన అంకె" ఎలా వస్తుంది? గడ్డ మొత్తం పోయిందనుకోండి. కొత్తగా ఏఎఫ్‌పీ తయారుచేసేవాళ్లు లేరు. రక్తంలో మిగిలిన పాత సరుకు కరిగిపోవాలి. అది సగం కావడానికి సుమారు ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. దీన్నే హాఫ్ లైఫ్ అంటారు. బీటా హెచ్‌సీజీ చాలా తొందరగా, ఒకటి ఒకటిన్నర రోజులోనే సగమవుతుంది.

మా బాబు లెక్కే చెబుతాను. ఆపరేషన్ రోజు 3,200. ఆరు రోజులకు సగం అనుకుని క్యాలిక్యులేటర్ మీద రెండుతో భాగిస్తూ పోయాను. ఆరో రోజుకి 1,600. పన్నెండో రోజుకి 800. పద్దెనిమిదికి 400. ఇరవై నాలుగుకి 200, ముప్పైకి 100, ముప్పై ఆరుకి 50, నలభై రెండుకి 25. నలభై ఎనిమిదో రోజుకి 12 చిల్లర. అంటే గడ్డ ఒక్క కణం కూడా మిగలకుండా పోయినా, నార్మల్ దగ్గరికి రావడానికి ఏడు వారాలు పడుతుంది.

ఈ లెక్క ముందే తెలిసి ఉంటే నేను పదిహేనో రోజు ఏడ్చేదాన్ని కాదు. ఆ రోజు రిపోర్టులో 760 అని, పక్కన ఎర్ర అక్షరాల్లో "హై" అని వచ్చింది. ఆపరేషన్ ఫెయిలైందనే అనుకున్నాను. నిజానికి రక్తం తీసింది పద్నాలుగో రోజు. 3,200ని రెండుసార్లు సగం చేస్తే 800. మాది 760, అంటే రెండుసార్లు సగమై ఇంకాస్త దిగింది. పద్నాలుగు రోజుల్లో రెండుసార్లకు పైగా అంటే, ఒక్కో సగానికి ఏడు రోజుల లోపే. చక్కగా దారిలో ఉంది. ఎర్ర అక్షరాలు వేసే కంప్యూటర్‌కి మా బాబుకి ఆపరేషన్ అయిన సంగతి తెలియదు కదా.

అదే రోజు 1,900 వచ్చి ఉంటే? పద్నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా సగం కాలేదన్నమాట. తగ్గింది కదా అని సంబరపడకూడదు. దిగుతున్నా, దిగాల్సినంత వేగంగా దిగడం లేదు. ఎక్కడో ఎవరో ఇంకా తయారుచేస్తూనే ఉన్నారని అనుమానించాలి. అలాంటప్పుడు సోమవారం దాకా ఆగకుండా డాక్టర్‌కి రిపోర్ట్ పంపండి.

ఇక్కడే ఇంకో సంగతి. ఆపరేషన్ సమయంలో ఎవరైనా ఏ చూర్ణమో కషాయమో ఇచ్చి, "చూడండి, మూడు వారాల్లో ఏఎఫ్‌పీ ఎంత దిగిందో" అంటే, ఈ లెక్క వేసి చూపించండి. గడ్డ పోయాక అంకె దానంతటదే దిగుతుంది. పేరు మాత్రం పొడికి వస్తుంది. పైగా కొన్ని నాటు మందులు లివర్‌ని దెబ్బతీస్తాయి. లివర్ దెబ్బతింటే ఏఎఫ్‌పీ పెరుగుతుంది, అప్పుడు గడ్డ తిరిగొచ్చిందేమోనన్న కంగారు అదనం.

ఏడాది నిండని పిల్లలకు ఈ లెక్క వేరే

పుట్టిన పిల్లలందరి రక్తంలోనూ ఏఎఫ్‌పీ వేలల్లో ఉంటుంది. జబ్బు ఏమీ లేకుండానే. నెలలు నిండి పుట్టిన బిడ్డకు పుట్టినప్పుడు సగటున 48,000 నానోగ్రాముల దగ్గర ఉంటుంది, నెలలు నిండకుండా పుడితే అంతకంటే ఎక్కువ. నెల వయసుకి రెండు మూడు వేలకు, రెండో నెలకి మూడు వందల చుట్టుపక్కలకు, మూడో నెలకి వంద దగ్గరికి, ఆరో నెలకి పది పన్నెండుకి దిగుతుంది. ఇవి సగటు అంకెలే. ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు పిల్లల మధ్య కూడా చాలా తేడా ఉంటుంది. ఎనిమిదో నెల నుంచి ఏడాది లోపు చాలామంది పెద్దవాళ్ల స్థాయికి వస్తారు. కొందరు రెండో ఏడు దాకా కొంచెం పైనే ఉంటారు.

ల్యాబ్ రిపోర్టులో మాత్రం పక్కన పెద్దవాళ్ల నార్మలే అచ్చేసి ఉంటుంది. తోక ఎముక దగ్గర గడ్డతో పుట్టి, వారం లోపే ఆపరేషన్ అయిన పాపకు రెండో నెలలో 250 వస్తే ఆ కాగితం మీద అది భయంకరంగా కనిపిస్తుంది. వయసు పట్టికలో చూస్తే మామూలే. ఇంకో మెలిక కూడా ఉంది. వయసు పెరిగేకొద్దీ పిల్లల సహజ ఏఎఫ్‌పీ దిగే వేగం తగ్గుతుంది. కాబట్టి ఐదారు రోజులకు సగం కావాలన్న సూత్రం మూడు నాలుగు నెలల బిడ్డకు అలాగే అతికించకూడదు. మీ నోట్‌బుక్‌లో "వయసు, నెలల్లో" అని ఇంకో గడి పెట్టుకోండి. వయసుకు తగ్గ పట్టిక ఒకటి ఇమ్మని డాక్టర్‌నే అడిగి లోపల అంటించుకోండి.

అంకె పెరిగితే ఏం చేయాలి

మా బాబుకి ఆపరేషన్ అయి ఐదో నెల. గుంటూరులో మామూలుగా ఇచ్చే ల్యాబ్ ఆ రోజు మూసి ఉంది. పండగ. పక్క వీధిలో ఇంకోదానిలో ఇచ్చాం. గత నెల 9, ఈ నెల 16. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. మా ఆయన నోట్‌బుక్ తీసి చూసి, "ఇది చూడు, యూనిట్ వేరే" అన్నారు. పాత ల్యాబ్ ఐయూల్లో (ఇంటర్నేషనల్ యూనిట్లు) ఇస్తుంది, కొత్తది నానోగ్రాముల్లో. ఏఎఫ్‌పీలో ఒక ఐయూ అంటే సుమారు 1.2 నానోగ్రాములు. పాత 9 అంటే 11 నానోగ్రాములు. కానీ 11కీ 16కీ ఇంకా తేడా ఉంది కదా. అది మిషన్ తేడా. ఒక్కో కంపెనీ కిట్ ఒక్కోలా కొలుస్తుంది, చిన్న అంకెల దగ్గర ఈ తేడా బాగా కనబడుతుంది. డాక్టర్‌కి ఫోన్ చేస్తే పది రోజులాగి పాత ల్యాబ్‌లోనే మళ్లీ ఇవ్వమన్నారు. 8 వచ్చింది.

కాబట్టి అంకె పెరిగిన రాత్రి ఈ వరుసలో చూడండి. ల్యాబ్ అదేనా? యూనిట్ అదేనా? అవే అయితే ఆ వెడల్పు గడిలో ఏం రాశారో చూడండి. ఈ మధ్య కామెర్లు వచ్చాయా, లివర్ పరీక్షలు పెరిగాయా? లివర్ బాగవుతున్నప్పుడు కూడా ఏఎఫ్‌పీ కొంత లేస్తుంది. కీమో మొదలుపెట్టిన మొదటి రోజులేనా? గడ్డ కణాలు ఒక్కసారిగా చితికి లోపలి సరుకు రక్తంలోకి వదలడంతో కొన్ని రోజులు పెరిగి తర్వాత దిగుతుంది. జుట్టుకనో గోళ్లకనో బయోటిన్ ఉన్న సిరప్ తాగిస్తున్నారా? కొన్ని మిషన్లలో బయోటిన్ అంకెను అటూ ఇటూ చేస్తుంది. రక్తం ఇవ్వడానికి ఎన్ని రోజుల ముందు ఆపాలో అడిగి ఆపండి. ఎదిగిన అమ్మాయిలో హెచ్‌సీజీ పెరిగితే గర్భం కాదని నిర్ధారించుకోవడం కూడా డాక్టర్ చేసే పనే. అడిగారని నొచ్చుకోవద్దు.

ఇవేవీ కాకపోతే, అదే ల్యాబ్‌లో ఒకటి రెండు వారాల్లో మళ్లీ పరీక్ష. రెండోసారి కూడా పెరిగితే, మూడోసారి ఇంకా పెరిగితే, అది నిజం. 12, 12, 13, 12 అని ఊగుతూ ఒకచోటే ఉండడం వేరు. 8, 15, 29 అని మెట్లెక్కడం వేరు. మొదటిది కొందరు పిల్లల స్వభావం. రెండోదానికి స్కాన్ కావాలి, అదీ ఆలస్యం లేకుండా. గడ్డ చేతికి తగలకముందే, స్కాన్‌లో స్పష్టంగా కనబడకముందే మార్కర్ లేవడం ఈ జబ్బులో తరచుగా జరిగేదే. ఏఎఫ్‌పీ మనకిచ్చే పెద్ద వరం అదే.

తలకిందులుగా ఉండే సందర్భం ఒకటి ఉంది. గడ్డ చాలా పెద్దదిగా ఉండి, ఏఎఫ్‌పీ లేదా హెచ్‌సీజీ అనుమానం రానంత తక్కువ వస్తే, శాంపిల్‌ను పలచన చేసి మళ్లీ చూడమని డాక్టర్లు ల్యాబ్‌కి చెబుతారు. అంకె మరీ ఎక్కువైతే మిషన్ తడబడి తక్కువ చూపించే అవకాశం ఉంది. దీన్ని హుక్ ఎఫెక్ట్ అంటారు.

అంకె నార్మల్ అయితే చాలా?

చాలదు. టెరటోమా మార్కర్ లేకుండానే పెరగగలదు. కీమో తర్వాత ఏఎఫ్‌పీ పూర్తిగా దిగిపోయి, స్కాన్‌లో గడ్డ మాత్రం పెద్దదవుతూ ఉండడం కూడా డాక్టర్లు చూసే విషయమే. అప్పుడు మళ్లీ ఆపరేషనే దారి. అందుకే స్కాన్లు, చేత్తో పరీక్ష మానకూడదు. తోక ఎముక దగ్గర గడ్డ తీసిన పిల్లలకు మలద్వారం నుంచి వేలితో చేసే పరీక్ష ఉంటుంది. పిల్లలు ఏడుస్తారని "ఈసారికి వద్దులెండి" అనకండి. లోపల పెరిగేది బయటికి కనబడదు.

పరీక్షలు ఎంత తరచుగా అన్నది గడ్డ చోటు, స్టేజ్ బట్టి మారుతుంది. నార్మల్ అయ్యేదాకా వారానికి లేదా రెండు వారాలకు ఒకసారి, తర్వాత మొదటి ఏడాది నెలకోసారి, ఆ పైన రెండు మూడు నెలలకు, ఇలా దూరం జరుపుతూ పోవడం మామూలు పద్ధతి. తిరిగొచ్చేవాటిలో ఎక్కువ భాగం మొదటి రెండేళ్లలోనే వస్తాయి. బాబు బాగా ఆడుకుంటున్నాడు కదా అని ఆరో నెలలో మానేసిన కుటుంబాలు మాకు ఓపీ వరండాలో కనిపించేవి. మళ్లీ వచ్చినప్పుడు.

బతుకుతాడా అన్న ప్రశ్న

ఎవరూ నోటితో అడగరు, అందరి కళ్లలోనూ ఉంటుంది. నేనూ మూడో ఓపీలో గానీ అడగలేదు. అడిగే తీరు తెలిస్తే మంచి జవాబు వస్తుంది.

"ఎంత శాతం?" అని అడగొద్దు. "మా వాడి వయసులో, ఈ చోట, ఈ స్టేజ్‌లో, మార్కర్ ఇలా దిగుతున్నవాళ్లలో ఏం జరుగుతుంది?" అని అడగండి. ఈ నాలుగూ కలిస్తేనే జవాబు. పదకొండేళ్ల లోపు పిల్లలు మొత్తం మీద పెద్ద పిల్లలకంటే బాగా గట్టెక్కుతారు. వృషణం, అండాశయం గడ్డల కంటే ఛాతీ మధ్యలో వచ్చినవి మొండివి.

స్టేజ్ గురించి నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి: స్టేజ్ ఒకటి అని ఆపరేషన్ రోజే ఖాయం చేయలేరు. గడ్డ మొత్తం వచ్చినా, స్కాన్ శుభ్రంగా ఉన్నా, మార్కర్ దిగాల్సిన వేగంతో దిగి నార్మల్ కాకపోతే వృషణం గడ్డల్లో అది స్టేజ్ ఒకటి కాదు. అంటే మీరు నోట్‌బుక్‌లో రాసుకునే ఆ ఏడు వారాల అంకెలే స్టేజ్‌ని తేలుస్తాయి. అందుకే ఒక్క శాంపిల్ కూడా ఎగ్గొట్టొద్దని చెబుతున్నాను.

అలా తేలిన స్టేజ్ ఒకటి చిన్న అబ్బాయిలకు ఆపరేషన్ తర్వాత కీమో ఇవ్వకుండా మార్కర్లు చూస్తూ ఉండడమే వైద్యం. అమెరికాలో ఇలా చూసిన పిల్లల ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. ఐదుగురిలో నలుగురికి మళ్లీ రాలేదు. వచ్చినవాళ్లకు కీమో ఇచ్చారు. ఆరేళ్లకు అందరూ బతికే ఉన్నారు. అండాశయం స్టేజ్ ఒకటి అమ్మాయిలు 25 మందిని అక్కడే ఇలా చూస్తే, 2014లో వచ్చిన ఫలితాల్లో దాదాపు సగం మందికి తిరిగొచ్చింది. అయినా నాలుగేళ్ల సర్వైవల్ 96 శాతం. ఈ రెండో లెక్క నాకు మొదట అర్థం కాలేదు. సగం మందికి తిరిగొస్తే 96 శాతం ఎలా? తిరిగొచ్చిన సంగతి మార్కర్ ముందే చెప్పింది, కీమో పనిచేసింది. తిరిగి రావడమంటే అంతా అయిపోవడం కాదు, ఈ జబ్బులో.

పని చేసే ఆ మందు ముఖ్యంగా సిస్‌ప్లాటిన్. 1974లో ఇండియానాలో లారెన్స్ ఐన్‌హార్న్ అనే డాక్టర్ వృషణ క్యాన్సర్ ఒళ్లంతా పాకిన యువకులకు దాన్ని మరో రెండు మందులతో కలిపి ఇచ్చారు. అంతకుముందు అలాంటివాళ్లలో బతికేది పదిమందిలో ఒకరు. ఆ తర్వాత సగానికి మించి బతికారు. పిల్లలకు ఇప్పుడిచ్చే సిస్‌ప్లాటిన్, ఎటొపొసైడ్, బ్లియోమైసిన్ అక్కడి నుంచి వచ్చినవే. కొన్నిచోట్ల సిస్‌ప్లాటిన్ బదులు కార్బోప్లాటిన్ ఇస్తారు.

కీమో పడితే నోట్‌బుక్‌లో కొత్త పేజీ తెరవండి. సిస్‌ప్లాటిన్ చెవిని, కిడ్నీని దెబ్బతీయగలదు. మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో, అయ్యాక వినికిడి పరీక్ష చేయించండి. పిల్లలకు మొదట పోయేది సన్నటి శబ్దాలు. పిలిస్తే పలుకుతాడు కాబట్టి ఇంట్లో తెలియదు, బడిలో "స", "ఫ" తేడా వినపడక వెనకబడతాడు. కిడ్నీ కోసం చూసే క్రియాటినిన్‌తో పాటు మెగ్నీషియం కూడా చూడమనండి. బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు. తర్వాతెప్పుడైనా ఇంకో ఆపరేషన్‌కి మత్తు ఇవ్వాల్సి వస్తే బ్లియోమైసిన్ పడిందని మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

చిల్లర పనులు, కానీ వదలొద్దు

ఓపీకి మూడు నాలుగు రోజుల ముందే మీ ఊళ్లోనే, ఎప్పుడూ ఇచ్చే ల్యాబ్‌లో రక్తం ఇవ్వండి. రిపోర్ట్ చేతిలో పట్టుకుని బస్సెక్కొచ్చు. హైదరాబాద్ వెళ్లి అక్కడ రక్తమిచ్చి, రిపోర్ట్ కోసం రెండు రోజులు లాడ్జిలో కూర్చోనక్కర్లేదు. మీ డాక్టర్ ఒప్పుకుంటేనే, ఒకే ల్యాబ్ అయితేనే.

బయాప్సీ బ్లాకులు (గడ్డ ముక్కను దాచిన మైనపు దిమ్మలు), స్లైడ్లు మీరు అడిగి తీసుకోవచ్చు. ఈ గడ్డలు అరుదు కాబట్టి, తరచుగా చూసే చోట ఇంకోసారి చదివించడం మంచిది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి, ముంబై టాటా మెమోరియల్ లాంటి చోట్ల పిల్లల క్యాన్సర్ చూస్తారు. మైనపు బ్లాకును కారులో ఎండలో వదిలేయకండి, మెత్తబడిపోతుంది.

ఆరోగ్యశ్రీ లాంటి పథకంలో ఆపరేషన్ చేయించుకుంటే, తర్వాతి మార్కర్ పరీక్షలు అందులో వస్తాయో లేదో డిశ్చార్జ్ రోజే అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. రెండేళ్ల పాటు చేయించాల్సిన పరీక్షలకు ముందే లెక్క వేసుకోవచ్చు.

బాబుకి రక్తం తీసేటప్పుడు నేను చేసేది ఒకటే. వెళ్లే ముందు కడుపు నిండా నీళ్లు, మజ్జిగ తాగిస్తాను. ఏఎఫ్‌పీకి పరగడుపు అక్కర్లేదు. ఒంట్లో నీళ్లుంటే నరం తొందరగా దొరుకుతుంది. ల్యాబ్ అబ్బాయికి ముందే చెబుతాను, ఒకసారి ప్రయత్నించి దొరక్కపోతే రెండో చేతికి వెళ్లమని.

వైద్యం అయిపోయాక డాక్టర్ దగ్గర ఒక పేజీ సమ్మరీ రాయించుకోండి. గడ్డ పేరు, స్టేజ్, ఆపరేషన్ తేదీ, ఏ మందు మొత్తం ఎంత పడింది, ఆఖరి మార్కర్, ఆఖరి వినికిడి పరీక్ష. మా వాడికి ఇప్పుడు ఆరేళ్లు. కీమో అవసరం రాలేదు. ఒకటే వృషణం ఉందని, దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలని వాడికి వాడి భాషలో ఇప్పటికే చెప్పాం. క్రికెట్ ఆడితే గార్డ్ పెట్టుకుంటాడు. నోట్‌బుక్, సమ్మరీ జిరాక్స్ రెండూ వాడి పుట్టినరోజు సర్టిఫికెట్ ఉన్న ఫైల్లోనే పెట్టాను. పై పేజీ మీద వాడి పేరు, బ్లడ్ గ్రూపు, దాని కింద ఆఖరి ఏఎఫ్‌పీ: 3.